స్ట్రిండ్‌బెర్గ్ జీవితం – 'మిస్ జూలీ' ఏకాంకిక

ఆగస్ట్ స్ట్రిండ్‌బెర్గ్ 1849 జనవరి 22న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జన్మించాడు. తండ్రి నౌకా రవాణా వ్యాపారి. తల్లి వివాహానికి పూర్వం పరిచారికగా బ్రతికిన స్త్రీ. అతని పదమూడవ యేట ఆమె మరణించగా, తండ్రి పిల్లల శిక్షకురాలినే మరల పెండ్లాడాడు. తరువాతి కాలంలో అతడు తన ఆత్మకథకు దాసీపుత్రుడనే అర్థం వచ్చే పేరు పెట్టుకొనడం యాదృచ్ఛికం కాదు. ఉన్నత వంశాలపట్ల ఈర్ష్య, ఆకర్షణ అతనిలో కడవరకు పెనగులాడాయి.

ఉప్సలా విశ్వవిద్యాలయంలో పట్టం పొందకనే వెనుదిరిగి, 1874లో రాజ గ్రంథాలయంలో సహాయకుడై, అక్కడి చీనా గ్రంథాల పట్టికను కూర్చాడు. మరుసటి యేడు బారన్ వ్రాంగెల్ భార్య సిరి ఫాన్ ఎస్సెన్ పరిచయమైంది. నటి కావలెనన్న ఆమె కోరికకు భర్త హోదా అడ్డు. 1876లో విడాకులు పొంది, రంగస్థలమెక్కి, 1877 డిసెంబరులో ఆమె స్ట్రిండ్‌బెర్గ్‌ను వివాహమాడింది. పరిచారిక కుమారుడు ప్రభుకుటుంబపు స్త్రీని పరిణయమాడిన ఈ ఘట్టంలోనే 'మిస్ జూలీ' బీజాన్ని వెదకవలసి ఉంటుంది.

పది సంవత్సరాలలో ఆ దాంపత్యం అనుమానాలతో శిథిలమైంది. 1887–88లో అతడు భార్యను నిందిస్తూ ఫ్రెంచిలో ఒక నవల వ్రాశాడు. 1888 వేసవిలో డెన్మార్కులో ఉంటూ 'మిస్ జూలీ' రచించాడు.

ఒక ప్రభువు వంటయింట, వేసవి పండుగ రాత్రి, విరామం లేకుండా సాగే కథ ఇది. పాత్రలు మూడే: ప్రభుపుత్రి జూలీ, సేవకుడు జాన్, వంటకత్తె క్రిస్టిన్. ప్రభువు రంగం మీదికి రాడు. అతని పాదరక్షలూ పిలుపుగంటా మాత్రమే ఉంటాయి. వాటికే జాన్ వణకుతాడు. కామం తీరిన పిదప ఇద్దరిమధ్య మిగిలినది అధికార కలహమే. జూలీ వెంట తీసుకొనిపోదలచిన పిట్టను జాన్ నరికివేస్తాడు. ఆమె మంగలికత్తి చేతబట్టి నిష్క్రమించడంతో తెర పడుతుంది. రంగంపై మరణాన్ని నిషేధించిన మన లాక్షణికుల నియమం ఇక్కడ అనుకోకుండా పాటింపబడినట్లయింది. అయితే పక్షివధ ఆ మరణాన్ని ముందే చూపివేస్తుంది. ఉత్సృష్టికాంకంలో శోకానికి స్త్రీల విలాపం ఆధారం. ఈ ఏకాంకికలో విలపించడానికి ఎవరూ మిగలరు.

జూలీని దూషించడానికే ఈ రచన పుట్టిందనడం సగం సత్యమే. జాన్‌లో తననూ, తన పుట్టుకనూ కవి క్షమించలేదు. పీఠికలో జూలీ పతనానికి అతడు అనేక కారణాలు చెప్పాడు గాని, వాటిలో స్త్రీద్వేషపు పాలు ఎక్కువ. నాటకం పీఠికకంటె ఉదారమైనది.

డెన్మార్కు అధికారులు బహిరంగ ప్రదర్శనను నిషేధించారు. 1889 మార్చి 14న కోపెన్‌హాగెన్ విద్యార్థి సంఘంలో ప్రైవేటుగా ప్రదర్శించగా, జూలీ వేషం ధరించినది సిరియే! 1891లో వారు విడిపోయారు. పిల్లలు తల్లివద్దనే ఉన్నారు.

అటుపిమ్మట అతడు మరి రెండు వివాహాలు చేసికొన్నాడు, అవీ నిలువలేదు. 1901లో వ్రాసిన 'స్వప్ననాటకం'లో ఇంద్రుని కుమార్తె భూలోకానికి దిగివచ్చి, గృహిణిగా ఇరుకు గదిలో ఊపిరాడక బాధపడుతుంది. స్వీడన్‌లో 'మిస్ జూలీ' 1906లో గాని వృత్తినాటక రంగానికెక్కలేదు.

1912 ఏప్రిల్‌లో హెల్సింకిలో సిరి మరణించింది. మే 14న స్టాక్‌హోమ్‌లో స్ట్రిండ్‌బెర్గ్ కన్నుమూశాడు.