మంచం పక్కన నేర్పిన వైద్యుడు

వైద్యం చదివే తమ పిల్లల కోసం ప్రార్థించమని అడిగే తల్లిదండ్రులు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. సీటు రావాలని, పరీక్ష పాసవ్వాలని ప్రార్థిస్తాము. రోగి మాట ఓపికగా వినే చెవిని, నొప్పి ఎరిగి తాకే చేతిని దయచేయమని అడగడం తక్కువే. ఆ రెండింటినీ విద్యార్థులకు నేర్పిన డాక్టర్ విలియం ఆస్లర్ గారి జీవితాన్ని ఈ వారం జ్ఞాపకం చేసుకుంటున్నాము.

ఆయన 1849 జూలై 12న కెనడాలోని బాండ్ హెడ్ గ్రామంలో పుట్టారు. తండ్రి ఇంగ్లాండు నుండి సేవకు వచ్చిన ఆంగ్లికన్ పాదిరి. తానూ పాదిరి కావాలనే ఉద్దేశంతో 1867లో టొరంటోలోని ట్రినిటీ కళాశాలలో చేరారు. మరుసటి ఏడే మనసు వైద్యం వైపు తిరిగింది. 1872లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ పట్టా పొందారు.

మాంట్రియల్‌లో ఆయన వందలాది శవపరీక్షలు చేశారు. రోగి బ్రతికుండగా వైద్యులు అనుకున్నది ఒకటి, లోపల కనబడేది మరొకటి కావడం అక్కడ తెలిసిపోతుంది. అటువంటి పని చేసేవాడి దగ్గర గర్వం ఎక్కువ కాలం నిలవదు. మశూచి వార్డులో సేవచేస్తూ తానూ ఆ జబ్బు బారిన పడ్డారు. ఆ రోజుల్లోనే ఇంటికి దూరంగా ఉన్న ఒక ఇంగ్లీషు యువకుడు మశూచితో చనిపోతుంటే, పాదిరి కొడుకుగా తానే పక్కన ఉండి అంత్యప్రార్థన చదివారు. ఆ కుమారుని చివరి గడియల గురించి తండ్రికి ఉత్తరం వ్రాశారు.

1889లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లారు. అప్పట్లో అమెరికాలో చాలామంది విద్యార్థులు ఉపన్యాసాలు విని, రోగిని సరిగా ముట్టుకోకుండానే డాక్టర్లయ్యేవారు. ఇంగ్లాండు ఆసుపత్రుల్లో ఉన్న పద్ధతిని ఆస్లర్ గారు అక్కడికి తెచ్చారు. ఒక్కొక్క విద్యార్థికి కొన్ని మంచాలు అప్పగించారు. జబ్బు ఎప్పుడు, ఎలా మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, చేసే పని ఏమిటి అని అడిగి రాసుకోవాలి. తరువాత కళ్లతో చూడాలి, చేతితో తాకి చూడాలి, వేళ్లతో తట్టి చూడాలి, చివరికి స్టెతస్కోపు పెట్టి వినాలి. తొందరపడి తాకడం కాదు, ముందు నిదానంగా చూడడం నేర్చుకోమనేవారు. క్షయ రోగులు ఎటువంటి ఇళ్లలో బ్రతుకుతున్నారో చూసి రమ్మని విద్యార్థులను వారి ఇళ్లకే పంపారు. 1892లో ఆయన వ్రాసిన వైద్య గ్రంథం ఎన్నో దేశాల్లో పాఠ్యపుస్తకమైంది. అయినా విద్యార్థులను వార్డుల్లోకి తీసుకువచ్చినవాడని తన సమాధిమీద ఉంటే చాలని ఆయన కోరిక.

1905లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులయ్యారు. 1917లో కుమారుడు రెవెర్ యుద్ధంలో గాయపడి చనిపోయాడు. ఆ దుఃఖంతోనే మరి రెండేళ్లు బ్రతికి, 1919 డిసెంబరు 29న ఆయన కన్నుమూశారు.

మన ప్రభువు చేసినదీ ఇదే కదా. యాయీరు కుమార్తె చావుబ్రతుకుల్లో ఉందని తొందరపెడుతున్నా, రక్తస్రావము గల స్త్రీ తన సంగతంతా చెప్పుకొనే వరకు ఆయన ఆగాడు. ఎవరూ ముట్టని కుష్ఠరోగిని చేయి చాపి ముట్టాడు. గ్రుడ్డివాడని కళ్లెదుట కనబడుతున్నా, బర్తిమయిని ఏమి కావాలని అడిగాడు.

రోగుల్ని చూడబోయే మనం మంచం దగ్గర నిలబడి, ప్రార్థన ముగించి, గడియారం చూసుకుని వచ్చేస్తున్నాము. ఆ మనిషికి చెప్పుకోవలసినది ఇంకా మిగిలే ఉంటుంది. ఈ ఆదివారం ఆసుపత్రికి వెళ్లేవారు కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చోండి. ముందు అడగండి, వినండి, ఆ తరువాత ప్రార్థించండి. వైద్యం చదివే మన బిడ్డలకు కూడా ఆ ఓపికనే దయచేయమని ప్రభువును వేడుకుందాము.