సరిహద్దులు దాటిన వాస్తుశిల్పి విలియం చాంబర్స్

లండన్ నగరపు నైరుతి భాగాన, క్యూ ఉద్యానవనంలో పది అంతస్తుల చైనా గోపురం ఒకటి నిలిచి ఉన్నది. దాని రూపకర్త విలియం చాంబర్స్ చైనాలో గాని, ఇంగ్లండులో గాని పుట్టినవారు కారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో స్థిరపడిన స్కాట్లండు వర్తకుని ఇంట 1723లో జన్మించారు. ఇంగ్లండులోని రిపన్‌లో చదువుకొన్నారు.

1740 నుండి 1749 వరకు స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి బెంగాల్‌కు, చైనాలోని కాంటన్ రేవుకు ఓడ ప్రయాణాలు చేశారు. కాంటన్‌లోని కట్టడాల తీరుతెన్నులను శ్రద్ధగా గమనించారు. పిమ్మట కొలువు విడిచి పారిస్‌లోను, ఇటలీలోను వాస్తువిద్య అభ్యసించి, 1755లో లండన్ చేరారు. అనంతరకాలంలో మూడవ జార్జి రాజైన యువరాజుకు వాస్తువిద్యా గురువైనారు. యువరాజు తల్లి అగస్టా కోరికపై క్యూ తోటను తీర్చిదిద్దారు. అక్కడ రోమన్ శైలి కట్టడాల నడుమనే, సుమారు 163 అడుగుల ఎత్తయిన చైనా గోపురాన్ని 1762లో పూర్తి చేశారు. దాని కప్పుల అంచులపై 80 కొయ్య డ్రాగన్లను అమర్చారు.

ఆనాటి ఇంగ్లండులో లాన్సెలాట్ బ్రౌన్ తోటలకే ఆదరణ మెండు. పచ్చిక, చెట్లు, కొలను తప్ప వేరు అలంకారం లేని ఆ తోటలకు, మామూలు పొలాలకు తేడా లేదని చాంబర్స్ భావన. క్లేర్‌మాంట్ భవన నిర్మాణాన్ని సైతం రాబర్ట్ క్లైవ్ బ్రౌన్‌కే అప్పగించాడు. 1772లో చాంబర్స్ తూర్పు దేశాల ఉద్యానకళను ప్రశంసిస్తూ గ్రంథం వెలువరించగా, మరుసటి సంవత్సరమే విలియం మేసన్ తన పేరు దాచుకొని వ్యంగ్యకావ్యం రచించి ఆయనను నవ్వులపాలు చేశాడు.

అయినను ఆయన ప్రతిష్ఠ చెక్కుచెదరలేదు. 1768లో రాయల్ అకాడమీ స్థాపనకు రాజు అండ సంపాదించి, దానికి కోశాధికారి అయినారు. ఐర్లండులో ఎన్నడూ కాలు మోపకుండానే డబ్లిన్ చెంత మరీనో విహారమందిరానికి నమూనా గీశారు. పుట్టిన గడ్డయైన స్వీడన్ బిరుదమిచ్చి గౌరవించగా, దానితో ‘సర్’ అనిపించుకొనుటకు బ్రిటిష్ రాజు అనుమతించాడు. 1776లో థేమ్స్ ఒడ్డున ఆరంభించిన సోమర్‌సెట్ హౌస్ ఆయన మహానిర్మాణం. దాదాపు ఇరవై ఏండ్లు ఆ పనిలోనే గడిపి, 1796లో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు.

గోపురంపై డ్రాగన్లను 1784లో, ఆయన కళ్లముందే తొలగించారు. 2018లో మరల 80 డ్రాగన్లను చేయించి, ఆయన నిలిపిన చోటనే నిలిపారు.