రిమోట్ వెనక ఒక అన్నా, చెల్లెలూ

పోయిన నెల ఒక సాయంత్రం మా ఇంట్లో టీవీ రిమోట్ పనిచెయ్యలేదు. సీరియల్ టైమయింది. అవ్వ దాన్ని అరచేతిలో రెండు తట్లు తట్టింది, బ్యాటరీలు తీసి తిప్పి వేసింది. ఊహూఁ. నేను ఫోన్లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ మొన దాని ముందు పెట్టి బటన్ నొక్కాను. ఏమీ కనిపించలేదు. కొత్త బ్యాటరీలు వేశాక మాత్రం ఫోన్ తెర మీద ఊదాగా ఒక చుక్క మినుకుమంది. కంటికి కనిపించని ఈ వెలుగు ఉందని మొదట ఎవరు కనిపెట్టారని అవ్వ అడిగింది. నాకు తెలియలేదు. మర్నాడు మన లైబ్రరీలో వెతికితే దొరికిన పేరు విలియం హెర్షెల్.

ఆయన 1738లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. తండ్రి పటాలం బ్యాండులో వాయిద్యకారుడు. కొడుకూ అందులోనే చేరాడు. 1757లో ఇంగ్లండు వచ్చేసి, తర్వాత బాత్ అనే ఊళ్ళో ఆర్గన్ వాయించే ఉద్యోగం సంపాదించాడు. పగలు సంగీతం, రాత్రి ఖగోళశాస్త్రం పుస్తకాలు. పెద్ద టెలిస్కోపు కొనే స్తోమత లేక తానే తయారు చేసుకున్నాడు. రాగి, తగరం కలిపి పోతపోసి, ఆ లోహాన్ని గంటల తరబడి రుద్ది అద్దంలా మెరిపించాలి. మధ్యలో చెయ్యి తియ్యకూడదు. అప్పుడు చెల్లెలు కరోలిన్ పక్కన కూర్చుని ఆయన నోటికి తిండి అందించేది. ఆ అమ్మాయిని తల్లి చదివించలేదు, ఇంటి పనికే ఉంచేసింది. 1772లో అన్నే వచ్చి తనతో తీసుకెళ్ళాడు.

1781 మార్చి 13 రాత్రి హెర్షెల్ ఒక కొత్త చుక్కని చూసి తోకచుక్క అనుకున్నాడు. అది యురేనస్ గ్రహమని తేలింది. శనికి అవతల ఇంకో గ్రహం ఉందని అంతవరకు ఎవరికీ తెలియదు. రాజుగారు ఏడాదికి 200 పౌన్లు ఇచ్చారు. దాంతో సంగీతం మానేసి ఆకాశానికే అంకితమయ్యాడు.

ఇక అవ్వ అడిగిన సంగతి. సూర్యుణ్ణి చూడడానికి ఆయన టెలిస్కోపుకి రంగుటద్దాలు పెట్టేవాడు. కొన్ని అద్దాల్లోంచి వెలుగు కొంచెమే వచ్చినా వేడి మాత్రం బాగా తగిలేది. ఏ రంగులో ఎంత వేడి ఉందో తేల్చాలని 1800లో, తన 61వ ఏట, ఎండని గాజు పట్టకం గుండా పంపి, విడిపోయిన రంగుల్లో థర్మామీటర్ పెట్టి చూశాడు. ఊదా కంటే ఆకుపచ్చలో, దానికంటే ఎరుపులో వేడి ఎక్కువ. అక్కడితో ఆగలేదు. ఎరుపు అయిపోయాక, రంగేమీ లేని చోట కూడా పెట్టాడు. పాదరసం ఇంకా పైకి పోయింది! వాటినే మనం పరారుణ కిరణాలంటున్నాం.

రిమోట్ మొనలో ఉన్న బుల్లి దీపం వెదజల్లేది ఆ వెలుగే. ఒక్కో బటన్‌కి ఒక్కో సంకేతం. దీపం సాధారణంగా సెకనుకి 38,000 సార్లు ఆరి వెలుగుతూ ఆ సంకేతాన్ని పంపుతుంది. అదే వేగంలో వచ్చేదాన్ని మాత్రమే టీవీ పట్టించుకుంటుంది కాబట్టి ట్యూబ్‌లైటు, ఎండ చూసి తికమకపడదు. ఈ వెలుగు గోడ దాటి పోలేదు. కొత్త రిమోట్లలో కొన్ని బ్లూటూత్‌తో నడుస్తాయి. వాటిని టీవీ వైపు చూపించక్కర్లేదు, నోటితో చెప్పినా చానల్ మారుతుంది. ఏసీ రిమోట్లలో మాత్రం చాలావరకు ఇప్పటికీ హెర్షెల్ వెలుగే.

1822లో ఆయన చనిపోయాడు. ఇదంతా నేను చెబుతుంటే అవ్వ టీవీ కట్టేసి వింది. చివర్లో, మరి ఆ చెల్లెలు ఏమైందని అడిగింది. అన్న టెలిస్కోపు దగ్గర నుంచి చెప్పేవన్నీ రాత్రంతా కూర్చుని రాసింది. లెక్కలు కట్టింది. తానుగా ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టింది. 1787లో ఆమెకీ రాజుగారి జీతం వచ్చింది, ఏడాదికి 50 పౌన్లు. 1828లో లండన్ ఖగోళ సంఘం బంగారు పతకం ఇచ్చింది. 97 ఏళ్ళు బతికింది.

అవ్వ ఆ పేరు మళ్ళీ చెప్పించుకుంది. తమ్ముళ్ళని ఎత్తుకోడానికి మూడో క్లాసులోనే ఆమెని బడి మాన్పించారు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. గోడ పత్రికకి రాస్తే ఆ చెల్లెల్ని వదిలిపెట్టొద్దని మరీ మరీ చెప్పింది. అందుకే పైన పేరు అలా పెట్టాను.