ఈ నెల మహనీయుడు: డాక్టర్ కె.ఎల్. రావు



విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో కంకిపాడును మీరు చాలాసార్లు దాటి ఉంటారు. డాక్టర్ కానూరి లక్ష్మణరావు 1902 జూలై 15న పుట్టింది ఆ ఊళ్లోనే. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. బడి రోజుల్లో ఆడుకుంటూ ఒక కంటి చూపు పోగొట్టుకున్నారు. అయినా చదువు వదల్లేదు. మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. నాగార్జునసాగర్ నిర్మాణంలో ఆయన పాత్ర మనందరికీ తెలిసిందే. 1962లో విజయవాడ ఆయన్ను లోక్‌సభకు పంపింది. మరుసటి ఏడాదే కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రి అయ్యారు.

ఆయన ఆ పదవిలో ఉండగానే, 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కొయ్నాలో పెద్ద భూకంపం వచ్చింది. దక్కన్ నేల గట్టిది, కదలదని అప్పటిదాకా నమ్మకం. దాదాపు 200 మంది చనిపోయారు. ఆనకట్ట బీటలు వారినా నిలబడింది. జలవిద్యుత్ కేంద్రం మాత్రం ఆగిపోయి, దూరాన ఉన్న బొంబాయికి కరెంటు పోయింది. ఆ తర్వాత 1970లో మన దేశ భూకంప ప్రమాణాలను సవరించారు.

ఈసారి సబ్‌స్టేషన్ పక్క నుంచి వెళ్లేటప్పుడు మీ పిల్లలకు లోపలి పొడవాటి పింగాణీ ఇన్సులేటర్లను చూపించండి. భూమి ఊగితే ఇనుము కొంత వంగుతుంది, పింగాణీ వంగదు, విరిగిపోతుంది. గట్టిగా బిగించని ట్రాన్స్‌ఫార్మర్ పక్కకు జారుతుంది. అప్పుడు ఆసుపత్రికి, మంచినీటి మోటారుకు కరెంటు అందదు. అందుకే ఇలాంటి పరికరాలను ముందే షేక్ టేబుల్ మీద బిగించి, భూకంపం వచ్చినట్టే ఊపి చూస్తారు. ఎక్కడైనా పగిలిందా, తర్వాత మామూలుగా పనిచేస్తోందా అని పరీక్షిస్తారు. బెంగళూరులోని సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ సౌకర్యం ఉంది.

మన విజయవాడకూ ఒక మోస్తరు భూకంప ముప్పు ఉంది. పిల్లల మంచం పక్కన ఎత్తైన బీరువా గానీ, పుస్తకాల అర గానీ ఉంటే ఈ ఆదివారం దాన్ని గోడకు బిగించండి. స్క్రూలు అందించే పని పిల్లలకే ఇవ్వండి. ఎందుకు బిగిస్తున్నారో చెబుతూ, కంకిపాడు కుర్రాడి కథ కూడా చెప్పండి.

రావుగారు 1986 మే 18న కన్నుమూశారు. కృష్ణమ్మ మీది పులిచింతల ప్రాజెక్టుకు ఇప్పుడు ఆయన పేరే.