విలియం కేరీ గారి ఓపిక



గత కోతల కాలములో ఒక ఆదివారమునకు ప్రసంగము సిద్ధపరచుకొనుటకు మాకు తీరిక లేకపోయెను. ఫోనులో రెండు మాటలు వ్రాయగా క్షణములో చక్కని ప్రసంగమొకటి వచ్చెను. దానినే చదివితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట ఎప్పుడును ముందు చాపమీద కూర్చుండు పెద్దమ్మ ఒకామె మాయొద్దకు వచ్చి, అయ్యగారు చెప్పిన ఆ మంచు కురియు ఊరు ఎక్కడున్నదనియు, అక్కడికి మేమెప్పుడు పోయి వచ్చితిమనియు అడిగెను. మేము తల వంచుకొంటిమి. ఆ వారమంతయు విలియం కేరీ గారి జీవితము మా మనస్సులో మెదలుచుండెను.

కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లాండు దేశములో పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించిరి. తండ్రి మగ్గము నేసి, తరువాత బడిపంతులైనవాడు. ఎండ సోకినయెడల చర్మము పాడగు జబ్బు ఉండుటచేత పిల్లవాడు పొలము పనికి పనికిరాలేదు. పదునాలుగవ యేట చెప్పులు కుట్టువానియొద్ద పని నేర్చుకొనుటకు కుదిరెను. ఆ పనిని లోకము ఎట్లు చూచునో మన సంఘములలో అనేకులకు వేరుగా చెప్పనక్కరలేదు. తోలు కుట్టుచు, ప్రక్కను పుస్తకము పెట్టుకొని, లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను కొంచెము కొంచెముగా నేర్చుకొనిరి. కాగితములు అతికించి లోకపటము గీసి గోడకు తగిలించుకొనిరి. తమకు గొప్ప తెలివి ఏమియు లేదనియు, మొదలుపెట్టిన పనిని విడువక ఈడ్చుకొని పోగలమనియు మాత్రమే వారు తమ్మునుగూర్చి తలంచిరి.

1793 జూనులో ఓడ యెక్కి నవంబరులో కలకత్తా చేరిరి. భార్య డోరతమ్మగారు మొదట రానని చెప్పి, బలవంతము మీద చంటిబిడ్డతో వచ్చినది. ఆ కాలములో ఇంటికి ఉత్తరము వ్రాసి జవాబు చూడవలెనన్న ఏడాదియో, అంతకు మించియో పట్టెడిది. మనము పంపిన కబురునకు పావుగంటలో జవాబు రాకపోయిన యెడల అలుగుచున్నాము గదా! ఉత్తర బెంగాలులో మద్నాబతి అనుచోట నీలిమందు కర్మాగారము చూచుకొనుచు కేరీగారు బెంగాలీ నేర్చిరి. 1794లో అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. డోరతమ్మగారికి మతి తప్పెను. 1807లో చనిపోవువరకు ఆమె బాగుపడలేదు. భర్తగారి ఓపికను పొగడువారము ఈ తల్లిని మరచిపోరాదు. ఆమె కోరి ఎత్తుకొన్న భారము కాదది.

ఏడేండ్లు గడచినను ఈ దేశస్థులలో ఒక్కరును బాప్తిస్మము పొందలేదు. 1800 డిసెంబరు 28న శ్రీరాంపూరులో కృష్ణపాల్ అను వడ్రంగి హుగ్లీ నదిలో దిగెను. ఏడేండ్లకు ఒక్కడు. సువార్త కూటము మూడు రాత్రులు పెట్టి నాలుగవ ఉదయము లెక్క వేసికొను మాబోటివారము ఆ సంఖ్యను నిదానముగా చదువవలెను.

శ్రీరాంపూరు అప్పుడు డేనిషు వారిది. అక్కడ మార్ష్‌మన్, వార్డ్ గార్లతో కలిసి కేరీగారు నడిపిన అచ్చుకూటములో 1812 మార్చి 11 సాయంకాలము నిప్పు పుట్టెను. వార్డ్ గారు తలుపులు, కిటికీలు మూయించి, కప్పునుండి నీళ్లు పోయించి, కొన్ని గంటలు మంటను అణచియుంచిరి. ఎవరో తొందరపడి కిటికీలు తెరచిరి. గాలి దూరి సమస్తమును అంటుకొనెను. కాగితము, పోతపోసిన అక్షరములు, ఏండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు, మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి అన్నియు బూడిదయ్యెను. కేరీగారు ఆ రాత్రి కలకత్తాలో ఉండిరి. మరునాడు మార్ష్‌మన్ గారు పోయి ఆ వార్త చెప్పిరి.

అచ్చు యంత్రములు దక్కెను. అక్షరములను పోతపోయు ఉక్కుముద్రలు బూడిదలో దొరికెను. కరిగిన సీసమును ఏరి, వెంటనే అక్షరములు పోయసాగిరి. సీసమును కరిగించిన అక్షరము మరల వచ్చును. వ్రాత మాత్రము మరల వ్రాయవలసినదే. కేరీగారు కూర్చుండి వ్రాసిరి. తెలుగు వ్యాకరణము 1814లో అచ్చుపడెను.

వీరు యంత్రములంటే గిట్టనివారని ఎవరును తలంపరాదు. చెదలు తినని కాగితము చేయుటకు వారు పెట్టిన మిల్లును మొదట మనుష్యులే కాళ్లతో త్రొక్కి నడిపిరి. అందులో ఒక కూలివాడు ప్రాణము పోగొట్టుకొనెను. 1820లో ఇంగ్లాండునుండి 12 గుఱ్ఱముల బలముగల ఆవిరి యంత్రమును తెప్పించిరి. జనము వచ్చి వింతగా చూచిరి. మనుష్యుని నడుము విరుచు పనిని యంత్రమునకు అప్పగించుట వారికి న్యాయముగానే తోచెను. మా పొలములలో వరికోత యంత్రము వచ్చినప్పుడు మేము సంతోషించితిమి, తప్పేమున్నది?

అయితే వారును ఒకచోట తొందరపడిరని మాకు తోచుచున్నది. 30కి పైగా భాషలలో లేఖన భాగములను అచ్చువేయుటకు పూనుకొనగా, అనేక తర్జుమాలు నిలువలేదు. 1818లో శ్రీరాంపూరులో అచ్చుపడిన తెలుగు క్రొత్త నిబంధనకు బదులు కొద్దికాలములోనే విశాఖపట్టణపు లండను మిషను వారి తర్జుమా వాడుకలోనికి వచ్చెను. ఆ ఊరిలో తెలుగువారి నడుమ నివసించి, వారి మాట వినుచు చేసిన పని అది. మా మంచు కురిసిన ప్రసంగమునకు లేనిది అదే.

కేరీగారు తామే దినదినము విని, మాటలాడిన బెంగాలీ సంగతి వేరు. 1801లో అచ్చయిన బెంగాలీ క్రొత్త నిబంధన చాలునని వారు ఊరకుండలేదు. పండితులను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మాటవెంట మాట దిద్దిరి. మరల అచ్చువేసిరి, మరల దిద్దిరి. ఎనిమిదవ కూర్పు 1832లో వెలువడునాటికి వారికి డెబ్బది యేండ్లు దాటెను, దేహము సన్నగిల్లెను. 1834 జూను 9న శ్రీరాంపూరులోనే కన్ను మూసిరి. నలువది యేండ్లలో ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు.