దుర్గాబాయి దేశ్‌ముఖ్

పోలవరము కొండల నడుమ ఇరుకుగా ప్రవహించిన గోదావరి, మైదానమునకు దిగి విశాలమై రాజమహేంద్రవరము చేరును. ఆ నగరమున 1909 జూలై 15 వ తేదీన దుర్గాబాయి జన్మించెను. బాల్యము కాకినాడలో గడచెను. ఎనిమిదవ యేటనే పెద్దలు ఆమెకు వివాహము చేసిరి. యుక్తవయస్సు వచ్చిన పిదప ఆమె ఆ బంధమును అంగీకరింపలేదు. తండ్రి రామారావుగారు కుమార్తె పక్షముననే నిలిచిరి. ఆ దినములలో ఇది సామాన్య విషయము కాదు.

ఆంగ్లమున బోధించు పాఠశాలను విడిచి, ఆమె హిందీ నేర్చెను. తానే బాలికయై యుండి, బాలికలకు హిందీ పాఠశాల నడపెను.

1921 లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చెను. దేవదాసీలను సంఘము దగ్గరకు రానీయదు. ఘోషా స్త్రీలను ఇల్లు బయటకు పోనీయదు. ఈ ఉభయులకును మహాత్ముని దర్శనము చేయింపవలెనని దుర్గాబాయి సంకల్పించెను. అయిదు వేల రూపాయల నిధి సమకూర్చినచో అయిదు నిమిషముల కాలమిత్తుమని నిర్వాహకులు చెప్పిరి. పండ్రెండేండ్లయినను నిండని పిల్లకు అంత ధనమెక్కడిది? ఆశ వదలుకొనునని వారు తలచిరి కాబోలు. దేవదాసీలే ఆ ధనము సమకూర్చిరి. మహాత్ముడు అయిదు నిమిషములకు మారు అరగంటకు పైగా వారి నడుమ నుండెను. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఆయన ముందుంచిరి. పిమ్మట బహిరంగసభలో ఆయన హిందీ ప్రసంగమును తెలుగున వినిపించినది ఈ బాలికయే.

1923 లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగెను. ప్రదర్శనశాల ద్వారముకడ ఆమె స్వచ్ఛంద సేవిక. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోనికి పోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతనే దారి విడిచెను.

ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని, 1930-33 నడుమ మూడు పర్యాయములు చెరకు పోయెను. మధుర చెరసాలలో ఉరిశిక్ష పడినవారి గదుల చెంత, ఒంటరి గదిలో ఆమె నుంచిరి. చదువురాక, తమ మాట తాము చెప్పుకొనలేక శిక్షలు పొందిన స్త్రీలను చెరలో చూచి, న్యాయశాస్త్రము చదువ నిశ్చయించెను. విడుదలయై మెట్రిక్యులేషను మొదలుకొని వరుసగా పరీక్షలు గట్టెక్కి, 1942 లో న్యాయవాదిపట్టా పొందెను. ఈ నడుమనే, 1937 లో, మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను.

1946 లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యెను. సభాధ్యక్షుల పట్టికలో ఆమె యొక్కతెయే స్త్రీ. రాజ్యసభ సభ్యత్వమునకు కనీస వయస్సు 35 కాక 30 ఏండ్లుగా నుండవలెనని సవరణ ప్రతిపాదించి నెగ్గించెను. 1950 నుండి తాత్కాలిక పార్లమెంటులో సభ్యురాలు. 1952 ఎన్నికలలో మాత్రము జయము చేకూరలేదు. 1953 లో చింతామణ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. ఆ యేడే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యెను. 1981 మే 9 వ తేదీన మరణించునాటికి, మద్రాసున మొలకెత్తిన మహిళా సభ హైదరాబాదున ఆసుపత్రిని, కళాశాలను నడపుచుండెను.