డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు పల్లెలలో గర్భవతులకు ఆరోగ్యకేంద్రముల ద్వారా ఎఱ్ఱని చిన్న మాత్రలు పంచిపెట్టుట అందఱును ఎఱిగినదే. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. తల్లికి రక్తము పట్టుటకును, గర్భస్థ శిశువు చక్కగా పెరుగుటకును ఈ ఆమ్లము అత్యవసరము. దీనిని కాలేయరసము నుండి వేరుపఱచి, పిమ్మట ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకత్వము వహించినవారు మన తెలుగువారే. వారే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున చదువుపై మనసు నిలువక, కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నమునగాని కృతార్థులు కాలేదు. తరువాత మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించుటచే శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఆ దినములలోనే వారి ఇంట పిడుగువంటి దుఃఖము సంభవించెను. స్ప్రూ అను వ్యాధిచే ఇద్దఱు సోదరులు కొద్దిదినముల వ్యవధిలో కన్నుమూసిరి. ఈ వ్యాధి సోకినవారికి ఎడతెగని విరేచనములు, నోటిపూత కలుగును. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి శల్యావశిష్టుడగును. నాటి వైద్యులయొద్ద దీనికి మందు లేకుండెను. వైద్యము చదివియు తోబుట్టువులను కాపాడుకొనజాలని ఆ బాధ సుబ్బారావుగారిని పరిశోధన వైపు నడిపించెను.

కొంతకాలము మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, మామగారి సహాయముతో 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరము చేరిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే ఉండిపోయిరి. హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫిస్క్ ఆచార్యునితో కలసి, రక్తములోను మూత్రములోను గల భాస్వరమును నీలివర్ణము ద్వారా కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అను పదార్థములను కండరముల రసము నుండి వెలికిదీసిరి. కండరములకు శక్తి ఎట్లు సమకూరునో తెలిసికొనుటకు ఇవి ఆధారములయ్యెను. అయినను హార్వర్డులో వారికి స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ గ్రామముననున్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, అచ్చట పరిశోధనలకు అధిపతియైరి.

కాలేయము, అనగా కార్జము, రక్తహీనతను పోగొట్టునని 1926లోనే అమెరికా వైద్యులు చూపిరి. బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు గర్భవతుల రక్తహీనతకు ఈస్టుసారము ఇచ్చి, 1931లో సత్ఫలితమును ప్రకటించెను. అయితే వీనిలోని ఏ పదార్థము ఆ మేలు చేయుచున్నదో ఎవరికిని తెలియదు.

తెలిసికొనుట ఎంత కష్టమో మన వంటయింటి చింతపండు రసమే చెప్పును. చింతపండును నానబెట్టి పిసికినచో పులుపు నీటిలోనికి దిగును. కాని ఆ పులుపును మాత్రమే పొడిగా చేతికి తెచ్చుటెట్లు? స్వీడన్ దేశపు రసాయనవేత్త షీలే పదునెనిమిదవ శతాబ్దమున దీనికి మార్గము చూపెను. ఆమ్లమునకు సున్నము కలిపినచో రెండును కూడి కరగని లవణమై అడుగునకు దిగును. దానిని వడగట్టి గంధకామ్లము చేర్చినచో సున్నము గంధకామ్లముతో కలసి, అసలు ఆమ్లము విడివడును. నిమ్మపులుపునకు కూడ షీలే ఈ ఉపాయమునే వాడెను.

పులుపు నాలుకకు తెలియును. కాలేయములోని ఆమ్లము రుచికిగాని కంటికిగాని అందదు. పైగా అది అత్యల్పము. కావున పాలను పులియజేయు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవిని సాక్షిగా పెట్టుకొనిరి. రసములోని ఏ భాగము వేసిన ఆ జీవి వృద్ధిపొందునో ఆ భాగముననే ఆమ్లమున్నదని నిర్ణయించి, తక్కినది పారబోసెడివారు. రసములోని ఆమ్లమును బొగ్గుపొడికి పట్టించి, అమ్మోనియా కలిపిన ఆల్కహాలుతో మరల విడిపించుట, బేరియముతో లవణముగా దింపుట, బ్యుటనాల్ అను ద్రవములోనికి లాగుట, ఇట్లు మెట్టు మెట్టుగా శుద్ధిచేసిరి.

1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి దీనిని కొంతవఱకు వేరుచేసి, ఆకు అను అర్థముగల లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారి బృందములోని స్టోక్‌స్టాడ్ 1943లో కాలేయము నుండి స్ఫటికములు సాధించెను. ఆ యేడే పార్క్ డేవిస్ సంస్థవారును సాధించిరి. 1945లో సుబ్బారావుగారి బృందము దానిని కృత్రిమముగా తయారుచేసెను. ఇక టన్నులకొలది కాలేయముతో పనిలేకపోయెను.

వారు ఆశించినదంతయు నెరవేరలేదు. పెర్నిషియస్ అను రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము పూర్తి చికిత్స కాదని తేలెను. దానికి కావలసిన బి12 విటమినును 1948లో ఇతరులు కనుగొనిరి. కాని స్ప్రూ వ్యాధి మాత్రము ఫోలిక్ ఆమ్లమునకు లొంగెను. బోదకాలునకు మూలమైన ఫైలేరియా క్రిములను నశింపజేయు హెట్రజాన్ 1947లో వారి ప్రయోగశాల నుండియే వెలువడెను. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన అమినోప్టెరిన్‌ను ప్రయోగించి, సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు పసిపిల్లల రక్తక్యాన్సరును కొంతకాలము అణచగలిగెను. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. నేడు స్ప్రూ రోగికి వైద్యులు ఇచ్చునవి ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్ జాతి మందు. రెండింటికిని మూలము ఆ ప్రయోగశాలయే.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయసున, సుబ్బారావుగారు న్యూయార్కు ప్రాంతముననే నిద్రలో కన్నుమూసిరి. స్వదేశమునకు తిరిగి రాలేదు. శేషగిరిగారు భర్తను మరల చూడలేదు. 1995లో భారత ప్రభుత్వము వారి శతజయంతి సందర్భమున తపాలాబిళ్ల వెలువరించెను. ఏ మందు లేక వారి సోదరులు మరణించిరో, ఆ మందు నేడు మన ఊరి గర్భవతి అరచేతికి వెల లేకుండ చేరుచున్నది. మాత్ర వేసికొను తల్లులలో వారి పేరెఱిగినవారు అరుదు. గ్రంథాలయమునకు వచ్చు పిల్లలకైనను ఆ పేరు తెలిసియుండుట న్యాయము.